కోట లేని ఊళ్లో చరిత్ర నడక

ఆదివారం పొద్దున్నే ఏడు గంటలకల్లా చార్మినార్ కింద ఒక గుంపు చేరుతుంది. భుజాన కెమెరాలు, చేతుల్లో నీళ్ల సీసాలు. ఒక మనిషి ముందు నడుస్తూ చెబుతుంటాడు. వెనక వాళ్లు తలలెత్తి చూస్తూ వింటుంటారు. దీన్ని 1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా కట్టించాడు. అది మక్కా మసీదు. ఇది లాడ్ బజారు. ఆ గోడ వెనకాలది చౌమహల్లా, 2010లో యునెస్కో అవార్డు వచ్చింది. చివరికి ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్. దీని పేరు హెరిటేజ్ వాక్. ఉమ్మడి రాష్ట్రంలో టూరిజం శాఖ నడిపింది, ఇంటాక్ వాళ్లు నడిపారు, ఇప్పుడు కుర్రాళ్ల బృందాలు నడుపుతున్నాయి.

మేమూ ఆ గుంపుల్లో నడిచాం. ఒకసారి కాదు, చాలాసార్లు. సంతోషించాం కూడా. మసీదు మీద మాట రాగానే కళ్లల్లో అనుమానం మెదిలే ఈ కాలంలో, పదిమంది హిందూ మిత్రులు ఒక మినారు ముందు నిలబడి "అబ్బ, ఎంత బాగుంది!" అనడం చిన్న సంగతి కాదు. అయినా ఇంటికొచ్చి చెప్పులు విడిచాక ప్రతిసారీ ఒకే ప్రశ్న మమ్మల్ని తొలిచేది. ఇంతసేపు నడిచిన ఆ చరిత్రలో మేమెక్కడున్నాం?

మేమంటే కోస్తా ముస్లిములం. నెల్లూరు, కావలి, గూడూరు, ఒంగోలు పేటల వాళ్లం. మాది నిజాం రాజ్యం కూడా కాదు. ఆర్కాటు నవాబు చేతిలోంచి 1801లో కంపెనీ చేతికి పోయిన సీమ. మా తాతలు దూదేకారు. జట్కాలు తోలారు. బీడీలు చుట్టారు. తోళ్ల మండీల్లో ఉప్పు చల్లారు. రేవుల్లో మూటలు మోశారు. మా ఇళ్లలో వెతికితే ఒక్క తల్వారు దొరకదు, ఒక్క ఫర్మానా దొరకదు. దొరికితే కత్తెరో, కుట్టు మిషనో, దూది విల్లో దొరుకుతుంది.

ఒక నడకలో పక్కనున్న పెద్దమనిషి ఎంతో ఆప్యాయంగా మాతో అన్నాడు: "మీ నవాబులు ఎంత దర్జాగా బతికారండీ!" ఆయన మనసులో ఏ కల్మషమూ లేదు. కానీ ఇదే మాటను మేం మరో చోట, మరో గొంతులో విని ఉన్నాం. "మీ నవాబులు మమ్మల్నెంత ఏడిపించారు!" ఒకటి మెప్పు, ఒకటి నింద. రెండింటికీ వేరు ఒకటే. రెండూ మమ్మల్ని నవాబు వారసుల్ని చేస్తాయి. మెప్పు తీసుకున్నవాడు నింద కూడా మోయాలి. మాకు ఆ రెండూ వద్దు. ఎందుకంటే ఆ ఆస్తి మాది కాదు.

ఇక్కడే హెరిటేజ్ వాక్‌ను ఒక కథను విమర్శించినట్టు విమర్శించాలనిపించింది. కథను చదివేటప్పుడు మనం ఏమడుగుతాం? ఎక్కడ మొదలైంది, నాయకుడెవరు, ఎక్కడ ఆగింది, ఎవర్ని వదిలేసింది అని కదా. ఈ నడక సుల్తానుతో మొదలవుతుంది. నాయకుడు కట్టించినవాడు. కట్టినవాడు కాదు, కట్టించినవాడు. కథ 1948 సెప్టెంబరులో పోలీసు చర్యతో ఆగిపోతుంది. ఆ తరువాత ముస్లిం అనేవాడు ఆ కథలో కనబడడు. అతని బిర్యానీ కనబడుతుంది, అతని అత్తరు కనబడుతుంది. బతికి ఉన్న మనిషి మాత్రం తోపుడుబండిగా, ఇరుకుసందుగా, ఫొటోకు అడ్డమొచ్చే బుర్ఖాగా మిగులుతాడు. "ఆక్రమణలు లేకపోతే ఈ కట్టడం ఎంత అందంగా ఉండేదో!" అన్న మాట వినని నడక మాకు తెలీదు. ఆ ఆక్రమణ పేరు మేమే.

లాడ్ బజారు గాజుల సంగతే చూడండి. హైదరాబాద్ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మంచిదే. కానీ నడక దుకాణం ముందు ఆగుతుంది. బొగ్గుల కుంపటి పక్కన చిన్న గదిలో కూచుని, వేడి లక్క మీద ఒక్కొక్క రాయి అతికే ఆడమనిషి దగ్గర ఆగదు. అక్కడ తలెత్తి చూడాల్సిన కమాను లేదు. తల వంచి చూడాల్సిన చేతులున్నాయి. ఈ నడకలకు తల వంచడం అలవాటు లేదు.

అన్ని నడకలూ ఒకటే అనడం అన్యాయం. ఇటీవలి సంవత్సరాల్లో డెక్కన్ ఆర్కైవ్ లాంటి బృందాలు పెద్ద కట్టడాలు దాటి బావులు, చిన్న దర్గాలు, కూలుతున్న దేవిడీల దాకా జనాన్ని తీసుకుపోతున్నాయి. రాతిమీద పారశీ అక్షరాలు చదివి చెబుతున్నాయి. కళ్ల ముందే మాయమవుతున్న వాటికి ఈ కుర్రాళ్లు సాక్షులవుతున్నారు. వాళ్ల శ్రమకు సలాం. మా అభ్యంతరం వాళ్ల మీద కాదు, ఈ ప్రక్రియ మీద. కట్టడం ఉంటేనే ఆగుతాం, ఆగితేనే చెబుతాం అనే పద్ధతి మీద. కట్టడం నిలవాలంటే రాయి కావాలి. రాయి కావాలంటే డబ్బు కావాలి. డబ్బున్నవాడి చరిత్రే అప్పుడు అందరి చరిత్ర అయిపోతుంది.

మా సముద్రం వైపు నుంచి ఇంకో ఉదాహరణ. విశాఖపట్నం పాతనగరంలో రేవు మొగదల మూడు కొండలు పక్కపక్కనే ఉంటాయి. ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి గుడి, ఒకదాని మీద మేరీమాత చర్చి, ఒకదాని మీద ఇసాక్ మదీనా దర్గా. రేవులోకొచ్చే ఓడలు ఆ దర్గాకు వందనం చేసేవని చెప్పుకుంటారు. పాతనగరం నడకల్లో ఇది తప్పకుండా చూపిస్తారు. "చూడండి, మతసామరస్యం!" అంటారు. అందరూ ఫొటో తీసుకుంటారు. మూడు కొండలూ ఒకే చట్రంలో చక్కగా పడతాయి. దూరం నుంచి చూస్తే సామరస్యం ఎప్పుడూ చక్కగానే ఉంటుంది. కొండ దిగాక ఆ మూడు వీధుల్లో ఎవరికి ఇల్లు అద్దెకు దొరుకుతుంది, ఎవరికి దొరకదు, రేవులో ఎవరే పని చేశారు అని అడిగితే అది నడక కాకుండా పోతుందేమోనని అందరికీ బెంగ.

సరే, చూపించడానికి కొండా కోటా ఏదీ లేని ఊరి సంగతేమిటి? ఈ ప్రశ్న పట్టుకుని మేం నలుగురం కృష్ణపట్నం పోయాం. నెల్లూరు నుంచి పాతిక కిలోమీటర్లు. ముత్తుకూరు దాటాక రోడ్డు నిండా లారీలు. చెట్ల ఆకుల మీద నల్లటి పొడి. టీ బంకు దగ్గర ఆగి "ఊళ్లో చూసేదానికి ఏముందబ్బయ్యా?" అని అడిగాం. టీ పోస్తున్నతను మమ్మల్ని ఎగాదిగా చూసి, "ఏముండాది సామీ ఈడ? పోర్టుండాది, బొగ్గుండాది. ఆనందయ్య మందప్పుడు వొచ్చుంటే జనాన్నన్నా చూసుంటిరి" అని నవ్వాడు.

నిజమే. 2021 మే నెలలో దేశమంతా ఈ ఊరి పేరు పలికింది. కరోనాకు ఆనందయ్య మందిస్తున్నాడని వేలాదిమంది వచ్చి వరసల్లో నిలబడ్డారు. వచ్చినవాళ్లు ప్రాణం కోసం వచ్చారు, వాళ్లను తప్పుబట్టలేం. కానీ అన్ని కెమెరాలొచ్చాయి, అన్ని మైకులొచ్చాయి, ఈ ఊరెప్పటిది అని అడిగినవాళ్లు ఎంతమంది?

అడిగినవాళ్లకు చెప్పే జవాబు ఒకటి తయారుగా ఉంది. రేవు గురించి రాసే పరిచయ వాక్యాలన్నిటిలో అదే కనబడుతుంది. శ్రీకృష్ణదేవరాయలు ఈ రేవును వాడుకున్నాడు, అందుకే ఆ పేరు. 2008లో ఆధునిక ఓడరేవు ప్రారంభమైంది. అంతే. రాయలు ఒక అడుగు, కంపెనీ ఒక అడుగు. మధ్యలో అయిదువందల ఏళ్లు. ఆ అయిదువందల ఏళ్లలో ఈ ఇసక మీద ఎవరూ నడవలేదా? రాయల కంటే ముందు ఇక్కడ సముద్రం లేదా?

ఉంది. ఊళ్లోని శివాలయం శాసనాలు ఆ మాట చెబుతాయి. నెల్లూరు జిల్లా శాసనాలను బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి 1905లో అచ్చు వేసినప్పుడు ఇవి కూడా వెలుగు చూశాయి. తమిళంలో ఉన్న ఆ శాసనాల్లో ఈ ఊరు కృష్ణపట్నం కాదు. కొల్లితురై. తురై అంటే తమిళంలో రేవు. దానికే గండగోపాలపట్టణం అని ఇంకో పేరు. గండగోపాలుడు అన్నది నెల్లూరు తెలుగు చోళుల బిరుదు. తిక్కన మంత్రిగా ఉన్న మనుమసిద్ధి వంశం అది. పదమూడో శతాబ్దంలో ఈ రేవుకు వచ్చే సరుకు మీద, పోయే సరుకు మీద గుడికి ఇంత అని వర్తక సంఘాల వాళ్లు ఒప్పుకున్నారు. అంటే తిక్కన నెల్లూరులో భారతం రాస్తున్న రోజుల్లో, పాతిక కిలోమీటర్ల దూరంలో, తమిళం మాట్లాడే వర్తకులు తెలుగు రాజు పేరున్న పట్టణంలో సరుకు దింపుకుంటున్నారు. ఒక ఊరికి మూడు పేర్లు, రెండు భాషలు, ఎన్నో తీరాల సరుకు. స్వచ్ఛమైన ఊరు కావాలనుకునేవాళ్లకు ఈ శాసనం పనికిరాదు.

మరో సాక్ష్యం సముద్రానికి అవతలి నుంచి ఉంది. 1300 ప్రాంతంలో ఇరాన్‌లో వస్సాఫ్ అనే చరిత్రకారుడు మాబర్ దేశం గురించి రాశాడు. మాబర్ అంటే దాటే చోటు, రేవు. ఆ దేశం ఒక కొస కులం, అంటే కొల్లం. రెండో కొస నీలావర్. అదే మన నెల్లూరు. అరేబియా గుర్రాలు ఓడలెక్కి ఈ తీరానికి దిగుతున్న కాలమది. అంతకు కొంచెం ముందే, 1244లో, మోటుపల్లి రేవులో కాకతి గణపతిదేవుడు సముద్ర వర్తకులకు అభయశాసనం వేయించాడు. ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన సరుకును రాజులు లాక్కోవడం ఆనాటి మామూలు. మేం లాక్కోం, సుంకం మాత్రం తీసుకుంటాం అన్నాడు. బయటి నుంచి వచ్చినవాడికి మాట ఇచ్చి రాతి మీద చెక్కించిన తీరం ఇది.

ఇక్కడ మేం ఒక్క క్షణం ఆగి మాలో మేం మాట్లాడుకోవాలి. ఈ సంగతులు చెప్పగానే మా పెద్దల్లో కొందరికి ఛాతీ ఉబ్బుతుంది. "చూశావా, మనం అరబ్బు నుంచి ఓడలో వచ్చినోళ్లం" అంటారు. ఇంట్లో పొయ్యి మీద సంగటి ఉడుకుతుంటుంది, నోటి నిండా నెల్లూరు యాస ఉంటుంది, వంశం మాత్రం మదీనా నుంచి! ఆ వర్తకుల్లో కొందరు ఇక్కడే పెళ్లాడి ఇక్కడే మట్టిలో కలిసి ఉండొచ్చు. కానీ మాలో అత్యధికులం ఓడ దిగినవాళ్లం కాము. ఒడ్డున నిలబడి ఓడను చూసినవాళ్లం. కులం బరువు మోయలేక, ఫకీరు మాటకు మనసు కరిగి, పక్కన కూచోనిచ్చిన దస్తర్‌ఖాన్ మీద ఆశతో కలిమా చదివినవాళ్లం. "మీరు బయటివాళ్లు" అని వాళ్లంటుంటే, "ఔను, మేం బయటి నుంచే వచ్చాం" అని గొప్ప కోసం మేమే ఒప్పుకుంటున్నాం. ఇంతకంటే పెద్ద ఆత్మవంచన ఏముంది?

ఓడలో వచ్చింది మనుషుల కంటే ఎక్కువగా మాటలు. మేం ఆ పొద్దు కృష్ణపట్నంలో చూసేదానికి ఏమీ లేదని తెలిశాక వినడం మొదలుపెట్టాం. బందరు. మచిలీపట్నానికి వాడుక పేరుగా మిగిలిన ఆ మాట పారశీలో రేవు. పడవ నడిపే పెద్ద సరంగు, అదీ పారశీయే. ఓడ మీద పని చేసే కళాసి, అరబ్బీ ఖలాసీ. టీ బంకు అతను పక్కవాడితో లెక్క తేలుస్తున్నాడు: జమ, ఖర్చు, బాకీ, వసూలు, రసీదు. లారీకి కట్టాల్సిన కిస్తీ. ఒక్కటీ సంస్కృతం కాదు, ఒక్కటీ అచ్చతెలుగు కాదు, ఒక్కటీ పరాయిది కాదు. ఈ మాటలు తీసేస్తే కోస్తా తెలుగువాడు కొట్టు తెరవలేడు. నడకలో చూపించే కమానులు మీద పడకుండా కంచె వేస్తారు. ఈ మాటలకు కంచె లేదు, టికెట్టు లేదు, కూలే భయం లేదు. వీటి ముందు ఎవరూ ఆగరు.

మాటల తరువాత పేర్లు. నెల్లూరు జిల్లాలో మస్తానయ్యలు, మస్తానమ్మలు ఎంతమందో లెక్క పెట్టండి. వాళ్లు ముస్లిములు కారు. బొట్టు పెట్టుకునే హిందువులు. వెంకటాచలం మండలం కసుమూరు దర్గాలో మస్తాన్ వలీకి మొక్కుకుంటే పుట్టిన బిడ్డకు ఆ పేరు పెట్టుకున్నారు. ఒక సూఫీ పేరు చివర ఒక అయ్య, ఒక అమ్మ చేరి ఓటరు జాబితాల్లో కూచున్నాయి. దీనికంటే పాత కట్టడం, దీనికంటే గట్టి కట్టడం ఏముంది? ఏ గైడూ మస్తానమ్మ ఇంటి ముందు ఆగి "ఈ పేరు చూడండి" అని చెప్పడు.

ఇక రొట్టెల పండుగ. నెల్లూరు దర్గామిట్టలో స్వర్ణాల చెరువు ఒడ్డున బారా షహీద్ దర్గా. పన్నెండుమంది అమరుల సమాధులు. మొహర్రం రోజుల్లో లక్షలమంది వస్తారు. కోరిక తీరినవాళ్లు చెరువులో దిగి రొట్టె ఇస్తారు, కోరిక ఉన్నవాళ్లు పుచ్చుకుంటారు. సంతానం రొట్టె, పెళ్లి రొట్టె, ఉద్యోగం రొట్టె, ఇల్లు రొట్టె, ఈ మధ్య వీసా రొట్టె కూడా. ఇచ్చేవారిది ఏ కులం, పుచ్చుకునేవారిది ఏ మతం అని నీళ్లలో ఎవరూ అడగరు. ప్రభుత్వం దీన్ని రాష్ట్ర పండుగగా గుర్తించింది. మా దృష్టిలో అసలైన చరిత్ర నడక ఇదే. గైడు లేని నడక. బస్టాండు నుంచి చెరువు దాకా, తడి చీర కొంగులో రొట్టె కట్టుకున్న ఆడవాళ్ల నడక. ఏ హెరిటేజ్ వాక్‌లోనూ మా అమ్మల్ని, నానీమాల్ని మేం చూడలేదు. ఇక్కడ వాళ్లే ముందుంటారు.

ఈ నడక మీద కూడా రెండు వైపుల నుంచి దెబ్బలు పడుతున్నాయి. "దర్గాలకెందుకు పోతారు?" అని హిందూ ఆడవాళ్లను అడిగేవాళ్లు ఒకవైపు. "ఇది ఇస్లాం కాదు, పీర్లూ జెండామాన్లూ షిర్క్" అని మా ఇళ్లలోకొచ్చి చెప్పేవాళ్లు ఇంకోవైపు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోరు గానీ, ఆ రొట్టెను నీళ్లలో కలిపేయాలని ఇద్దరికీ ఒకటే ఆత్రం. ఎవరి విశ్వాసం వాళ్లది. కానీ చదువురాని మా నానీమాలు వందేళ్లు మోసిన దాన్ని ఒక కరపత్రంతో చెరిపేసే హక్కు ఎవరిచ్చారు?

ఇక మాకు కష్టమైన రాయి దగ్గరికి వస్తాం. దాన్ని దాటేసి పోతే ఈ వ్యాసం కూడా మేం విమర్శించే నడకల్లాంటిదే అవుతుంది. ఇదే జిల్లాలో ఉదయగిరి. కొండ మీద కోట, మసీదులు. 1640ల్లో గోలకొండ సేన ఆ కోటను పట్టుకుంది. 1642లో గాజీ అలీ అనే సేనాని అక్కడి గుడిని పడగొట్టినట్టు ఆనాటి శాసనం ఆధారంగా చరిత్రకారులు నమోదు చేశారు. రిచర్డ్ ఈటన్ తయారుచేసిన జాబితాలో ఆ పేరుంది. మేం దాన్ని దాచం. అది జరగలేదని వాదించం. యుద్ధంలో గెలిచిన సేనాని ఓడిన రాజు గుడి మీద చెయ్యి వేశాడు. అది తప్పే. కానీ అది మా తాత చేసిన తప్పు కాదు. 1992 డిసెంబరు 6న అయోధ్యలో జరిగినదానికి మా పక్కింటి మస్తానయ్య ఎంత బాధ్యుడో, ఉదయగిరిలో జరిగినదానికి మేమూ అంతే. గాజీ అలీని మోసే బాధ్యత గాజీ అలీది. ఆయన కీర్తి అడగనివాళ్లం, ఆయన పాపం ఎందుకు మోస్తాం?

మేం అడిగేది మరోటి. ఆ కొండ మీద రాళ్లు ఎవరు కొట్టారు? 2007లో వెనకబడిన ముస్లిం తెగలకు బీసీ-ఈ కింద నాలుగు శాతం రిజర్వేషన్ చట్టం వచ్చినప్పుడు ఒక జాబితా వేశారు. అందులో పేర్లు చదవండి. అచ్చుకట్లవాళ్లు, అత్తరు సాయిబులు, ధోబీ ముస్లిములు, ఫకీరు సాయిబులు, గారడీ సాయిబులు, గుడ్డి ఎలుగువాళ్లు, హజాములు, లబ్బీలు, ఖురేషీలు, తురక కాశలు. తురక కాశలంటే రాతిపనివాళ్లు. రోళ్లకు, తిరగళ్లకు గంట్లు కొట్టేవాళ్లు. దూదేకులవాళ్లు అంతకుముందే బీసీ-బీలో ఉన్నారు. బట్టకు అద్దకం అద్దినవాడు, ఎలుగును ఆడించినవాడు, రాయి చెక్కినవాడు, తల గొరిగినవాడు: ఇదీ మా వంశవృక్షం. ఈ జాబితాను మించిన చరిత్ర నడక ఇంకొకటి లేదు. ఒక్కొక్క పేరు ఒక్కొక్క వీధి. ఈ వీధుల్లో నవాబు ఒక్కడూ లేడు.

మళ్లీ కృష్ణపట్నానికి. ఊరి పడమర నుంచి బకింగ్‌హామ్ కాలువ పోతుంది. 1876-78 నాటి దారుణ కరువులో మద్రాసు నగరంలోని కాలువ భాగాన్ని పొట్టకూటి కూలీలతో తవ్వించి, అప్పటి గవర్నరు పేరు మొత్తం కాలువకు పెట్టారు. ఆకలితో తవ్వినవాళ్ల పేరు పెట్టలేదు. ఉప్పు, కట్టెలు, ధాన్యం ఈ కాలువ మీద మద్రాసు చేరేవి. రైలూ రోడ్డూ వచ్చాక పడవలు ఆగిపోయాయి. కాలువ దాటి ముందుకుపోతే పోర్టు ప్రహరీ. 2008లో ఒక కంపెనీ చేతుల మీదుగా మొదలై, 2020లో ముప్పాతిక వంతు, 2021లో మిగతా పావు అదానీల చేతికి వెళ్లిన రేవు అది. చుట్టూ విద్యుత్ కేంద్రాల పొగగొట్టాలు. అక్కడితో మా నడక ఆగింది. పోర్టు వచ్చింది, కొందరికి పనులొచ్చాయి, కాదనం. కానీ వెయ్యేళ్లుగా ఎవరైనా వచ్చి దిగిన రేవులో ఇప్పుడు ఆ ఊరివాడు కూడా పాసు లేకుండా అడుగు పెట్టలేడు. సముద్రంలోకి వేటకుపోయే పట్టపోళ్ల చరిత్రా, మూటలు మోసిన మా చరిత్రా, ఒకే గోడకు ఇటువైపు నిలబడి ఉన్నాయి. ఆ గోడ ముందు మాకూ వాళ్లకూ మతం తేడా ఏమీ కనబడలేదు.

సాహిత్యంలో ఈ నడక మా వాళ్లు ఎప్పుడో మొదలుపెట్టారు. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ', 1998లో 'జల్‌జలా' కవితా సంకలనం, ఆ వెంటనే ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కతలు'. ఆ కథల పుస్తకం పేరే ఒక వీధి పేరు. అందులో సుల్తానులు లేరు. నెల్లూరు యాసలో మాట్లాడే అమ్మలు, నాయనలు, అప్పులు, పండగలు ఉన్నారు. చదివిన హిందూ పాఠకులు "ఇవి మా ఇంటి కథల్లా ఉన్నాయే" అన్నారు. చౌమహల్లా చూసి ఎవరూ ఆ మాట అనలేదు. సయ్యద్ నశీర్ అహమ్మద్ స్వాతంత్ర్య సమరంలో ముస్లిముల గురించి తెలుగులో పుస్తకం తరువాత పుస్తకం రాశారు. పుస్తకాల్లో జరిగిన ఈ పని ఇప్పుడు కాళ్లతో జరగాలి.

ఎందుకింత తొందర? తొందర ఉంది. దస్తావేజు లేకపోయినా, తరతరాలుగా నమాజుకో ఖననానికో ఫాతెహాకో వాడుతూ వచ్చిన జాగాను వక్ఫ్‌గా గుర్తించే పద్ధతి మన దేశంలో ఉండేది. వాడుకే దానికి సాక్ష్యం. జనం నడిచి వెళ్లడమే దానికి పట్టా. 2025 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చిన వక్ఫ్ సవరణ చట్టం ఇకముందు అలా గుర్తించడాన్ని తీసేసింది. అప్పటికే నమోదైనవాటికి రక్షణ ఉంటుంది గానీ, వివాదంలో ఉన్నా, ప్రభుత్వ భూమి అన్నా ఆ రక్షణ లేదు. 2025 సెప్టెంబరు 15న సుప్రీంకోర్టు ఆ చట్టంలోని కొన్ని సెక్షన్లను ఆపింది గానీ దీన్ని ఆపలేదు. నవాబుల మసీదుకు ఫర్మానా ఉంటుంది. పల్లెలో చింతచెట్టు కింద ఉన్న పీర్ల చావిడికి, నాలుగు రాళ్లు పాతిన ఖబరస్తాన్‌కు ఏ కాగితం ఉంటుంది? చెరువుగట్టు మీది జెండామానును ఎవరు రిజిస్టరు చేయించారు? మా నానా సమాధి ఎక్కడో మాకు కాళ్లతో తెలుసు, సర్వే నంబరుతో తెలియదు.

అందుకే హెరిటేజ్ వాక్ అనేది మాకు ఆదివారపు సరదా కాదు. అది మా ఉనికికి వాంగ్మూలం. మసీదు బాగుందని మెచ్చుకునే మిత్రులకు మా విన్నపం ఇది. ఈసారి మాతో కోట లేని ఊళ్లో నడవండి. కట్టించినవాడి పేరు అడిగినట్టే కట్టినవాడి పేరూ అడగండి. తారీఖులు రాసుకున్నట్టే ముసలివాళ్లు చెప్పిన హద్దులు కూడా రాసుకోండి. ఖబరస్తాన్‌కు తూర్పున ఏముంది, పడమర ఏముంది, ఎవరి తాతను ఎప్పుడు పెట్టారు, పీర్లను ఏ ఇంటివాళ్లు ఎత్తుతారు అని. ఫొటో తీసుకోండి, కానీ మనుషుల్ని పక్కకు జరగమనకండి. ఆ మనుషులే కట్టడం.

మా కుర్రాళ్లకూ ఒక మాట. గోలకొండ కోట మీద నిలబడి "ఇదంతా మనదే" అనుకునే ముందు మీ వీధి చివర నిలబడండి. మీ పేటకు ఆ పేరెందుకొచ్చిందో మీ నానీమాను అడగండి. ఆమె పోయాక అడగడానికి ఎవరూ ఉండరు.

కృష్ణపట్నం నుంచి తిరుగు ప్రయాణంలో టీ బంకు దగ్గర మళ్లీ ఆగాం. "ఏం సామీ, ఏమన్నా కనపడిందా?" అన్నాడతను. కొల్లితురై సంగతి చెప్పాం. గుడి రాళ్ల మీద రాసి ఉందన్నాం. చిన్నప్పటి నుంచీ ఆ రాళ్ల మీద ఆడుకున్నానని, ఏం రాసుందో ఎవరూ చెప్పలేదని అన్నాడు. పేరడిగాం. మస్తాన్ అన్నాడు. ఏ మస్తానో, మీర మస్తానో అయ్య మస్తానో, మేం అడగలేదు. వచ్చే నెల మళ్లీ వస్తామని, ఈసారి అతనే ముందు నడవాలని చెప్పి వచ్చాం.